పాలోళ్లు పాలవాళ్లయితే ఎట్లా?

సంపాదకుడు గారికి నమస్కారం.

హనుమకొండలో ముప్పై ఏళ్లుగా టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్నాను. మొన్న ఒకాయన బిడ్డను షార్ట్‌హ్యాండ్‌లో (మాట్లాడేదాన్ని గుర్తులతో వేగంగా రాసుకునే విద్య) చేర్పిద్దామని వచ్చి, ఫీజు సంగతి కూడా అడగకముందే, "సార్, ఫోన్ల మాట్లాడితే అదే టైపు అయితుంది గదా, ఇది నేర్సుకుంటే ఏమొస్తది?" అన్నాడు.

జీతం లెక్కయితే చెప్పాను. కోర్టుల్లో స్టెనోగ్రాఫర్ గ్రేడ్ 3కి 2020 పీఆర్సీ స్కేలు రూ.32,810 నుంచి 96,890. టైపిస్టుకు 24,280 నుంచి 72,850. స్టెనో పోస్టుకు ఇంగ్లిష్ షార్ట్‌హ్యాండ్‌లో నిమిషానికి 120 పదాల వేగం ఉండాలి. రోజూ రెండు గంటలు కూర్చున్నా దానికి రెండేళ్లు పడుతుంది, అదీ మధ్యలో మానేయకపోతే. ఈలోపు నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో అన్న టెన్షన్ వేరే.

ఉద్యోగం రాకపోతే ఏం చేయాలి? అమెరికాలో కోర్టు రిపోర్టర్లు స్టెనో మిషన్ మీద ఒకేసారి నాలుగైదు కీలు నొక్కుతూ నిమిషానికి 225 పదాలు ఎక్కిస్తారు. కోర్టు లేకపోయినా అదే విద్యతో టీవీలకు, చెవులు వినపడని విద్యార్థులకు లైవ్ క్యాప్షన్లు ఇచ్చి బతకగలరు. మన దగ్గర తెలుగులో ఆ పని ఉందని చెప్పుకోవడానికే లేదు. నా పాత స్టూడెంట్ ఒకమ్మాయి ఇంట్లో కూర్చుని వీడియోలకు సబ్‌టైటిల్స్ రాస్తుంది. కంప్యూటర్ రాసినదాన్ని దిద్దడమే కదా అని నిరుడు రేటు సగం చేశారట.

సుప్రీంకోర్టులో 2023 ఫిబ్రవరిలోనే వాదనలను కంప్యూటర్ రాయడం మొదలుపెట్టింది. రేపు మన అదాలత్‌కూ వస్తుంది, రానీయండి. కాకపోతే నేనొకసారి ఫోన్‌లో "గెట్టు కాడ మా పాలోళ్లు లొల్లి పెట్టిన్రు" అని చెప్పి చూశాను. "గట్టు కాడ మా పాలవాళ్లు" అని వచ్చింది. పాలోళ్లంటే మా దగ్గర దాయాదులు. భూమి కేసులో వాళ్లు పోయి పాలు పోసేవాళ్లు వచ్చి కూర్చున్నారు! క్రాస్ ఎగ్జామినేషన్‌లో వకీలు ఆ ఒక్క ముక్క పట్టుకుంటే సాక్షి గతి ఏమిటి?

ఇప్పుడు కూడా చాలాచోట్ల సాక్షి తెలుగులో చెప్తాడు, జడ్జిగారు ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్తే రాసుకుంటారు. తెలుగు షార్ట్‌హ్యాండ్ పాసైన పిల్లలేమో సర్టిఫికెట్ బీరువాలో పెట్టుకుని తిరుగుతున్నారు. ప్రతి జిల్లా కోర్టులో సాక్ష్యం రాసుకోవడానికి కొన్ని తెలుగు స్టెనో పోస్టులు ఇవ్వాలి. కంప్యూటర్ రాత వచ్చాక దాని పక్కన కూర్చుని దిద్దే మనిషిని ఔట్‌సోర్సింగ్‌లో కాకుండా అదే స్కేలు మీద పెట్టాలి. సభల్లో, కాలేజీల్లో లైవ్ క్యాప్షన్‌కు గంటకింత అని ప్రభుత్వమే ఒక రేటు కట్టాలి.

ఆ తండ్రికి సోమవారం ఏ సంగతో చెప్తానన్నాను. బిడ్డ మాత్రం అప్పుడే పెన్సిల్ కొనుక్కుని పోయింది.

— ఒక టైపు మాస్టారు, హనుమకొండ