మా అత్తయ్యగారిని మళ్లీ నిలబెట్టిన వాళ్లందరికీ

అందరికీ నమస్కారం.

మా అత్తయ్యగారు ఇప్పుడు వాకర్ పట్టుకుని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తనంతట తాను నడుస్తున్నారు. తుంటి ఆపరేషన్ కుట్లు మానిపోయాయి. షుగర్ అదుపులోకి వచ్చింది. ఎలా ఉన్నారంటూ ఇక్కడ చైనాలో సుజౌ నుంచి, షాంఘై నుంచి, జెన్‌జియాంగ్ నుంచి, అటు తెనాలి నుంచి రోజూ అడుగుతున్న మీ అందరికీ ముందుగా ఈ కబురు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పుకోవాలని ఉంది కానీ, సాయం చేసిన వాళ్లలో చాలామంది పేర్లు కూడా మాకు తెలియవు. అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మా సంగతి తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. మేం సుజౌ ఇండస్ట్రియల్ పార్కులో ఉంటాం. 1994లో చైనా, సింగపూర్ కలిసి మొదలుపెట్టిన పేట ఇది. కంపెనీలు ఎక్కువ, వాటితో పాటు మనలాంటి బయటిదేశాల కుటుంబాలూ ఎక్కువే. మావారు కార్ల విడిభాగాల కంపెనీలో, నేను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తున్నాం. బాబు ఆరో తరగతి, పాప ఒకటో తరగతి. అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చి కొన్ని నెలలు మా దగ్గర ఉండి వెళ్తుంటారు.

ఆవిడకి చైనీస్ రాదు. అయినా సాయంత్రం అయ్యేసరికి మా కాంపౌండ్‌లో చెట్ల కింద ఉన్న మండపంలోకి వెళ్లి కూర్చుంటారు. ఇక్కడ చాలా ఇళ్లలో తల్లిదండ్రులు ఉద్యోగాలకి పోతే మనవల్ని చూసుకునేది నానమ్మలు, అమ్మమ్మలే. వాళ్లంతా అక్కడే చేరతారు. పచ్చి సోయా కాయలు ఒలుచుకుంటూ, స్వెట్టర్లు అల్లుకుంటూ మాట్లాడుకుంటారు. చీకటి పడ్డాక స్పీకర్ పెట్టుకుని వరసగా నిలబడి డాన్స్ చేస్తారు. ఆ సమయంలో చంటిపిల్లల బళ్లన్నీ అత్తయ్యగారి చుట్టూ ఉంటాయి. పిల్లలు ఆవిణ్ణి ‘యిన్‌దూ నైనై’ అంటారు, ఇండియా నానమ్మ అని. ఆ మండపం ఆడవాళ్లకే నా మొదటి దణ్ణం.

జూన్ మధ్యలో ఇక్కడ యాంగ్‌ట్సీ నది చుట్టుపక్కల ప్రాంతాల్లో ఒక ముసురు పట్టుకుంటుంది. మేయ్‌యూ అంటారు. వారాల తరబడి వదలదు. గోడలు చెమ్మగిల్లుతాయి, ఉతికిన బట్టలు ఆరవు, బయట పరిచిన రాళ్లు నాచు పట్టి జారుతుంటాయి. ఆ రోజు వాన కాస్త తెరిపిచ్చిందని మండపానికి బయల్దేరిన అత్తయ్యగారు మెట్ల దగ్గర పడిపోయారు. మావారు కంపెనీ పని మీద ఛాంగ్‌చున్‌లో ఉన్నారు. నేను ఆఫీసు నుంచి తిరిగొస్తూ మెట్రోలో ఉన్నాను.

ఆ తర్వాత జరిగినదంతా నాకు వాళ్లూ వీళ్లూ చెప్పగా తెలిసిందే. ఆ ఆడవాళ్లలో ఒకావిడ రిటైరైన నర్సు. పడ్డ మనిషిని లేపబోతున్న వాళ్లని ఆపి, ఎవరూ ముట్టుకోవద్దని గట్టిగా అరిచారట. కాలు పక్కకి తిరిగి ఉండటం చూడగానే ఆవిడకి తుంటి విరిగిందని అర్థమైపోయింది. ఒకావిడ తన కోటు మడిచి తల కింద పెట్టారు. మళ్లీ చినుకులు మొదలైతే నలుగురు గొడుగులు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను 120కి ఫోన్ చేసి, అంబులెన్స్ ఇంకో గేటు వైపు పోకుండా రోడ్డు మీదికి వెళ్లి నిలబడి దారి చూపించాడు. మా ఎదురింటి వాళ్లు పాపని తమ ఇంట్లోకి తీసుకెళ్లి అన్నం పెట్టి, హోంవర్క్ కూడా చేయించారు.

బాబు పైకి పరిగెత్తి అల్మరాలోంచి నానమ్మ పాస్‌పోర్టు, మందుల సంచి తెచ్చాడు. షుగర్ ఉంది, బీపీ ఉంది, ఏ మందూ పడకపోవడం లేదు అని అంబులెన్స్ డాక్టరుకి వాడే చైనీస్‌లో చెప్పాడు. ఐదేళ్లుగా వాడికి ఈ భాష నేర్పుతున్న టీచరుగారికి ఆ మర్నాడే ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ ఫోన్‌లోనే ఏడ్చేశారు.

అంబులెన్స్‌లో అత్తయ్యగారి పక్కన కూర్చుని వెళ్లింది ఐదో అంతస్తు బామ్మగారు. ఆవిడకి డెబ్భై దాటాయి. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు. అత్తయ్యగారు నొప్పికి తెలుగులో మూలుగుతుంటే, ఆవిడ సుజౌ యాసలో ఏదో చెబుతూ చెయ్యి నిమురుతూ ఉన్నారట. నేను ఆస్పత్రికి చేరేసరికి ఆవిడ చెయ్యి ఇంకా అత్తయ్యగారి చేతిలోనే ఉంది.

ఇక్కడి ప్రభుత్వ ఆస్పత్రుల పద్ధతి తెలియని వాళ్లకి చెప్తాను. ముందు పేరు నమోదు చేయించుకోవాలి, డబ్బు కట్టాలి, ఆ తర్వాతే ఎక్స్‌రే అయినా రక్తపరీక్ష అయినా. ప్రతిదానికీ ఫోన్‌లో స్కాన్ చేసి కట్టడమే. అడ్మిట్ చేసుకోవాలంటే ముందుగా డిపాజిట్ ఉంటుంది. నేను దారిలో ఉండగానే బామ్మగారి అబ్బాయి పని మానుకుని వచ్చి, 20,000 యువాన్లు తన ఫోన్ నుంచి కట్టేశాడు. తిరిగిస్తానంటే, ముందు అమ్మ సంగతి చూసుకోండి, అది తర్వాత చూద్దాం అన్నాడు. మాకూ అతనికీ అంతవరకు లిఫ్టులో తల ఊపుకునే పరిచయమే.

అసలు భయం ఆ రాత్రి మొదలైంది. అత్తయ్యగారిది బి నెగటివ్. హిమోగ్లోబిన్ తక్కువగా ఉంది కాబట్టి రక్తం సిద్ధంగా ఉంచుకోకుండా ఆపరేషన్ చెయ్యనన్నారు ఎముకల డాక్టరు. ఈ వయసులో తుంటి విరిగితే ఎంత త్వరగా చేస్తే అంత మంచిదనీ ఆయనే చెప్పారు. మన దేశంలో నెగటివ్ గ్రూపు నూటికి ఐదుగురి దాకా ఉంటుంది. చైనాలో వెయ్యి మందిని వెతికితే ముగ్గురో నలుగురో దొరుకుతారు. అందుకే దాన్ని ఇక్కడ పాండా రక్తం అంటారు. బ్లడ్ సెంటర్ వాళ్ల దగ్గర అలాంటి దాతల జాబితా ఉంటుంది, అవసరం వస్తే ఫోన్ చేసి పిలుస్తారు. ఆ రాత్రి వాళ్లు పిలిస్తే ఇద్దరు వచ్చి రక్తం ఇచ్చి వెళ్లారని పొద్దున్న నర్సు చెప్పింది. ఎవరని అడిగితే చెప్పకూడదంది. ఒకరు ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ మధ్యలో వచ్చారని మాత్రం తెలిసింది. ఈ మాటలు వాళ్ల దాకా చేరవు. చేరకపోయినా రాస్తున్నాను. మీరిద్దరూ, మీ పిల్లలూ చల్లగా ఉండాలి. అత్తయ్యగారు రోజూ దీపం పెట్టేటప్పుడు మీ ఇద్దరి కోసం దణ్ణం పెట్టుకుంటున్నారు.

ఇక మనవాళ్లు. రాత్రి పదిన్నరకి తెలుగువాళ్ల వీచాట్ గ్రూపులో ఒక చిన్న మెసేజ్ పెట్టాను. అది అక్కడి నుంచి తమిళుల గ్రూపుకి, గుజరాతీల గ్రూపుకి, షాంఘై గ్రూపులకి వెళ్లిపోయింది. తెల్లారేసరికి కున్షాన్ నుంచి ఒక దంపతులు, షాంఘై నుంచి ఒక పంజాబీ అబ్బాయి, మా పేటలోనే ఉండే ఒక మలయాళీ టీచరమ్మ, అందరూ నెగటివ్ గ్రూపు వాళ్లే, పాస్‌పోర్టులు పట్టుకుని బ్లడ్ సెంటర్ తలుపు తియ్యకముందే నిలబడ్డారు. బి నెగటివ్‌కి ఓ నెగటివ్ కూడా పనికొస్తుంది కదా అని ఓ వాళ్లూ వచ్చారు. ఇక్కడ ఒక్కొక్కరి దగ్గర 200 నుంచి 400 మిల్లీలీటర్ల దాకా తీసుకుంటారు. దాదాపు అందరూ 400 ఇస్తామన్నారు. అక్కడిచ్చిన చిన్న ఎర్ర పుస్తకాలు పట్టుకుని మీరు తీసుకున్న ఫొటో మా ఫ్రిజ్ మీద అంటించాను.

ఒక బాబాయిగారు కూడా వచ్చారు. మొదటిసారి రక్తం ఇచ్చేవాళ్లకి ఇక్కడ 55 ఏళ్లు దాటకూడదు. ఆయన్ని వెనక్కి పంపారు. ఆయన ఇంటికి పోకుండా నేరుగా ఆస్పత్రికి వచ్చి, మావారు ఛాంగ్‌చున్ నుంచి వచ్చేదాకా నా పక్కనే బల్ల మీద కూర్చున్నారు. ఎక్కువ మాట్లాడలేదు. టీ తెచ్చిచ్చారు, నా ఫోన్ చార్జింగ్ పెట్టించారు. బాబాయిగారూ, ఆ పొద్దున నేను కూలబడిపోకుండా ఉన్నానంటే మీరు అక్కడ ఉండబట్టే.

మీరిచ్చిన రక్తం పరీక్షలన్నీ అయ్యాకే వాడతారట. అందుకని అత్తయ్యగారికి ఎక్కింది మీదేనో, అంతకుముందు ఎవరో ఇచ్చి ఉంచినదో మాకు తెలియదు. మీది ఈ ఊళ్లో ఏ బాలింతకో, ఏ పసివాడికో అంది ఉంటుంది. వాళ్ల తరఫున కూడా నేనే చెబుతున్నాను, మీకు వెయ్యి నమస్కారాలు.

జెన్‌జియాంగ్‌లో వైద్యం చదువుతున్న మన తెలుగు పిల్లలు ముగ్గురు పరీక్షల సమయం అయినా హైస్పీడ్ రైలెక్కి వచ్చేశారు. మనదేశం మందుల అట్టల మీద ఉన్న కంపెనీ పేర్లు చూసి ఇక్కడి డాక్టర్లకి ఏమీ తోచలేదు. ఈ పిల్లలు ఒక్కో మాత్ర అసలు పేరేంటో చైనీస్‌లో రాసిచ్చారు. మత్తు ఇచ్చేముందు సంతకం పెట్టాల్సిన కాగితాలని ఒక్కో పేజీ తెలుగులో చదివి, ఏం జరగవచ్చో దాచకుండా చెప్పారు. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుంటే గుంటూరు పిల్ల మంచం పక్కనే నడుస్తూ, “బామ్మా, కళ్లు మూసుకుని నూట ఎనిమిది లెక్కపెట్టండి, ఈలోపు అయిపోతుంది” అంది. అమ్మా, నువ్వు మంచి డాక్టరువి అవుతావు. మీ అమ్మానాన్నలకి నేనే ఫోన్ చేసి ఈ మాట చెప్పాలి, నంబరు పంపించు.

ఆపరేషన్ చేసిన డాక్టర్లకి, వార్డు నర్సులకి చైనీస్‌లో విడిగా ఉత్తరం రాసి ఇచ్చాం.

వార్డులో మంచం దగ్గర ఉండి చూసుకోవడానికి ఇక్కడ రోజుకింత అని డబ్బిచ్చి మనిషిని పెట్టుకుంటారు. హుగోంగ్ అంటారు. మాకు దొరికినావిడ అన్హుయ్ పల్లెటూరి మనిషి. డబ్బు కోసం చేసే పనే కదా అని ఎవరైనా అనొచ్చు. పక్క మీద ఎలా తిప్పాలో, తిప్పేటప్పుడు మోకాళ్ల మధ్య దిండు ఎలా పెట్టాలో ఆవిడే మాకు నేర్పింది. అది జీతం పని, ఒప్పుకుంటాను. కానీ అత్తయ్యగారి నుదురు బోసిగా ఉంటే దిగులుగా ఉంటున్నారని ఎలా కనిపెట్టిందో, సంచిలోంచి బొట్టుబిళ్లల అట్ట తీసి, రోజూ పొద్దున్నే మొహం తుడిచి, జుట్టు దువ్వి జడ వేసి, ఒక బిళ్ల పెట్టేది. కొంచెం పక్కకి పడితే తీసి మళ్లీ సరిగ్గా మధ్యలో పెట్టేది. పెట్టి, తన ఫోన్ అద్దంలా పట్టుకుని అత్తయ్యగారికి చూపించేది. ఆ పనికి జీతం ఎవరూ కట్టలేదు.

తిండి సంగతి. అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు. ఆస్పత్రి క్యాంటీన్‌లో కూరగాయల వంటకంలో కూడా పంది కొవ్వు పడుతుంది. ఇల్లు, పిల్లలు, ఆస్పత్రి మధ్య నేను రెండు పూటలా వండి తీసుకెళ్లలేకపోతున్నానని గమనించి, ఐదో అంతస్తు బామ్మగారు పొద్దున పూట తాను పంపిస్తానన్నారు. కొత్త గిన్నె కొని, మాంసం తగలని గరిటె విడిగా పెట్టుకుని, నాకు చూపించి మరీ వండేవారు. ఆవిడ పంపింది షియావ్‌మీ జావ. మొదటిరోజు అత్తయ్యగారు ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఆగి, “ఇది కొర్రజావే” అన్నారు. అవును, ఆ గింజ మన కొర్రలే. పడ్డాక ఆవిడ ఇష్టంగా గిన్నె ఖాళీ చేసింది ఆ రోజే.

ఎంట్రీ ఎగ్జిట్ ఆఫీసులో కౌంటర్ దగ్గర ఉన్న అమ్మాయికి కూడా ఒక మాట. అత్తయ్యగారి వీసా గడువు దగ్గర పడింది. పొడిగింపు కావాలంటే 7 రోజుల ముందే అర్జీ పెట్టుకోవాలి. మంచం దిగలేని మనిషిని ఎలా తీసుకెళ్లాలా అని బెంగపెట్టుకున్నాం. 60 దాటినవాళ్ల తరఫున, కదల్లేని వాళ్ల తరఫున బంధువులు అర్జీ ఇవ్వచ్చని ఆ అమ్మాయే చెప్పి, ఆస్పత్రి కాగితంలో ఏమేం ఉండాలో ఒక చీటీ మీద రాసిచ్చింది. పెద్దవాళ్లని పిలిపించుకునే వాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంకో విన్నపం. ఇక్కడున్న మనవాళ్లలో నెగటివ్ గ్రూపు ఎవరిదైనా అయితే, మీ ఊరి బ్లడ్ సెంటర్‌లో పేరు ఇవ్వండి. మన ఊళ్లలో పెద్దగా పట్టించుకోని ఆ గ్రూపు ఇక్కడ ఎంత అపురూపమో మేం కళ్లారా చూశాం. అమ్మానాన్నలు వస్తుంటే వాళ్ల బ్లడ్ గ్రూపు, వాడే మందుల అసలు పేర్లు, ఇంటి అడ్రసు చైనీస్‌లో రాసి వాళ్ల సంచిలో పెట్టండి. మావారూ నేనూ మా పేర్లు ఇచ్చి వచ్చాం. ఆయనది ఓ నెగటివ్.

వినాయక చవితి తర్వాత వచ్చే ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో భోజనాలు పెట్టుకున్నాం. అత్తయ్యగారు తెనాలి వెళ్లేలోపు అందరినీ ఒక్కసారి చూడాలంటున్నారు. రక్తం ఇచ్చినవాళ్లు, వచ్చి వెనక్కి తిరిగినవాళ్లు, ఫోన్ చేసినవాళ్లు, గ్రూపులో మెసేజ్ పంపినవాళ్లు, అందరూ పిల్లలతో సహా రావాలి. మండపం ఆడవాళ్లు ఎలాగూ వస్తున్నారు. ఉండ్రాళ్లు, పులిహోర, పూర్ణాలు కుర్చీలో కూర్చుని తనే దగ్గరుండి చేయిస్తానన్నారు. ఎంతమంది వస్తున్నారో శుక్రవారానికల్లా చెబితే సెనగపప్పు, బెల్లం సరిపడా తెప్పించుకుంటాను.