పాత ఇత్తడి రేడియేటర్‌ను తూకానికి వేయకండి

సంపాదకులకు నమస్కారం.

పెళ్లిళ్ల రోజులొస్తే కోనసీమలోనూ, భీమవరం, పాలకొల్లు చుట్టుపక్కలా పాత అంబాసిడర్లు, పద్మినీలు పూలదండలతో రోడ్డెక్కుతాయి. ఊరేగింపులో బండి నడక వేగంతో పోతుంది. ఎదురుగాలి తగలదు, ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి ఫ్యానూ గాలి లాగదు. ఇంజిన్ నీళ్లను చల్లార్చే రేడియేటర్‌లో అప్పటిదాకా చెమ్మగా ఉన్న లీకు అక్కడ ధార కడుతుంది. ఎవరో ఒకరు పసుపు పొట్లం తెచ్చి అందులో పోస్తారు. మర్నాడు షెడ్డులో ‘ఇది తీసేసి అల్యూమినియంది వేసేద్దాం’ అంటారు. రెండూ బండికి చేటే. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఆ బండికి కొలతగా కూర్చునే రేడియేటర్ ఇత్తడి ట్యాంకులు ఒకసారి పాతసామాన్ల కొట్టుకు పోతే మళ్లీ దొరకడం కష్టం.

పసుపు చిల్లు పూడుస్తుంది, నిజమే. చిల్లుతోపాటు మంచి గొట్టాలనూ పూడుస్తుంది. ముద్దకట్టి అడుగు ట్యాంకులో చేరి, ఇంజిన్ బ్లాకులోని తుప్పుతో కలిసి బురదవుతుంది. లీకు ఆగినా బండి వేడెక్కడం మాత్రం ఆగదు. ఇల్లు చేరడానికి తప్పక వేస్తే, మర్నాడే మొత్తం దించి కడిగించాలి.

అసలు కారేది రేడియేటరేనా అని ముందు చూడాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక హోస్ పైపుల మూతులు, వాటర్ పంపు కింది చిన్న రంధ్రం, డ్రెయిన్ కాకు (నీళ్లు దించే కుళాయి) తడిమి చూడండి. ఇత్తడి అతుకుల దగ్గర ఆకుపచ్చ చిలుమో, తెల్లటి ఉప్పుచారో కనిపిస్తే లీకు అక్కడే. మూత తీసి స్టార్టు చేసినప్పుడు నీళ్లలో ఆగకుండా బుడగలొస్తుంటే హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజిన్ బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య ఉండే సీలును) అనుమానించాలి. అప్పుడు రేడియేటర్ మీద పెట్టే ఖర్చంతా దండగ.

దించేటప్పుడు జరిగే నష్టం ఎక్కువ. హోస్ అతుక్కుపోయిందని స్క్రూడ్రైవర్‌తో కుళ్లగిస్తే మెత్తటి ఇత్తడి మెడ సొట్టపోతుంది. హోస్‌ను కత్తితో నిలువునా చీల్చి తీయండి, ఎలాగూ కొత్తది వేయాల్సిందే. ఫ్యాన్ రెక్కలకూ కోర్‌కూ (ట్యాంకుల మధ్య గొట్టాలు, రేకులు ఉండే భాగానికీ) మధ్య ఒక అట్టముక్క దోపి, రేడియేటర్‌ను నిటారుగా పైకి లేపాలి.

షెడ్డులో మూతులన్నీ బిగించి, గాలి నింపి, తొట్టి నీళ్లలో ముంచితే బుడగ ఎక్కడ లేస్తే అక్కడే చిల్లు. ఈ పరీక్షకు రేడియేటర్ మూత మీద రాసున్న పీడనం చాలు, లారీ టైరుకు కొట్టినట్టు కొడితే మంచి అతుకులూ విడిపోతాయి. మాటు వేసేచోట రంగు, చిలుము గీకి లోహం తళతళలాడేదాకా శుభ్రం చేయాలి. మాటుకు వాడే, తగరం, సీసం కలిసిన సోల్డర్ 190 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. పెద్ద మంట పెడితే పక్క అతుకు ఊడుతుంది, అందుకే చుట్టూ తడిగుడ్డ కప్పాలి. పనయ్యాక, సోల్డర్ అంటడానికి పూసిన జింకు క్లోరైడును వేడినీళ్లతో కడిగేయాలి. చాలాచోట్ల ఇది మానేస్తారు. ఆ మిగులే లోహాన్ని తిని, కొన్నాళ్లకు మాటు పక్కనే మళ్లీ కారుతుంది. ఎం-సీల్ పూసి తెస్తే మాటు అంటదు, ముందు దాన్నంతా గీకాల్సి వస్తుంది.

మధ్యలో ఒకటి రెండు గొట్టాలు చిల్లుపడితే రెండు కొసలూ మూసి మాటు వేసినా బండి నడుస్తుంది. అంతకు మించితేనో, వేలితో తాకితే రాగి రేకులు పొడిపొడిగా రాలుతుంటేనో కోర్ మార్చాలి. అప్పుడు కూడా పై ట్యాంకు, కింది ట్యాంకు, పక్క పట్టీలు మీవే ఉంచి, మధ్య కోర్ ఒక్కటే కొత్తది వేయమనండి. పాతదానికి మూడు వరసల గొట్టాలుంటే కొత్తదానికీ మూడే ఉండాలి. డబ్బు మిగులుతుందని రెండు వరసలది వేయిస్తే మన ఎండలకు ఆగదు. ఇత్తడి సామానుకు పేరుపడ్డ అజ్జరం మన జిల్లాల్లోనే ఉంది. రేడియేటర్‌కు మాటు వేయడం ఐటీఐల్లో పిల్లలకు పద్ధతిగా నేర్పితే ఈ పని నిలబడుతుందని నా గట్టి నమ్మకం.

మూత విషయంలో జాగ్రత్త. ఆనాటి బండ్లలో చాలావాటికి 7 పౌండ్ల (చదరపు అంగుళానికి అంత పీడనం ఆపే) మూత. దానితో నీళ్లు సుమారు 110 డిగ్రీల దాకా మరగవు. కొత్త కార్ల 13, 15 పౌండ్ల మూత సరిపోయిందని బిగిస్తే ఆ ఒత్తిడి నేరుగా పాత అతుకుల మీద పడుతుంది. మాన్యువల్లో ఎంతుంటే అంతే వేయాలి.

మన డెల్టాలో రేడియేటర్లను తినేది ముఖ్యంగా నీళ్లు. సముద్రం దరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పు, ఉప్పు సోల్డర్‌నూ బ్లాకు ఇనుమునూ తింటుంది. మరోచోట గార కట్టి గొట్టాలు సన్నబడతాయి. కాలువ నీళ్లలో ఒండ్రు. ప్రతి 3 లీటర్లకు 1 లీటరు కూలెంట్, 2 లీటర్లు బ్యాటరీ నీళ్లు (డిస్టిల్డ్ వాటర్, యాసిడ్ కాదు) కలిపి పోయండి. నీళ్లు ముందే కలిపి అమ్మే రకమైతే అలాగే పోయాలి. రంగు చూసి కొనకండి, రాగికీ ఇత్తడికీ సోల్డర్‌కూ పనికొస్తుందని డబ్బా మీద ఉందో లేదో చదవండి. రెండేళ్లకోసారి మార్చాలి. కొత్త కోర్ బిగించే ముందు బ్లాకును కూడా హోస్‌తో ఎదురు కడగకపోతే పాత బురద వారంలోనే కొత్త కోర్‌లోకి చేరుతుంది.

పక్కన పొర్లుడబ్బా (పొర్లిన నీళ్లు పట్టే డబ్బా) లేని ఈ బండ్లలో మెడదాకా నింపకూడదు. ఒక అంగుళం వెలితి ఉంచాలి. నిండా పోస్తే వేడికి పెరిగిన నీళ్లు పొర్లుగొట్టం లోంచి కారతాయి, దాన్ని లీకనుకుని కొందరు మంచి రేడియేటర్‌నే దించేస్తున్నారు.

దించిన పాత కూలెంట్‌ను పంట బోదెలోనో కాలువలోనో పారబోయకండి. అందులోని గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, పశువులూ కుక్కలూ తాగుతాయి, అది విషం. మూతున్న డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్‌ను సేకరించే గ్యారేజీవాళ్లు తీసుకుంటారేమో అడిగి అప్పగించండి.

– ఒక పాత కార్ల మెకానిక్, పాలకొల్లు