తేదీ లేని సినిమా: సినిమాటోగ్రఫీ మంత్రి గారికి తిరుపతి నుంచి బహిరంగ లేఖ

రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక, సినిమాటోగ్రఫీ శాఖల మంత్రివర్యులు
శ్రీ కందుల దుర్గేష్ గారికి,

అయ్యా, నమస్కారం.

తిరుపతి వాళ్లు మంత్రి గారికి ఉత్తరం రాశారంటే దర్శనం సిఫారసు కోసమే అయ్యుంటుందని మీ పేషీలో అనుకోవచ్చు. అది కాదు. దర్శనం సంగతి మేం చూసుకుంటాం. చిత్తూరు జిల్లాలో తీసిన ఒక చిన్న సినిమా కోసం మేం కొంతమందిమి చాన్నాళ్లుగా ఎదురుచూస్తున్నాం. ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లు లేరు. దర్శకుడికి తెలీదు, థియేటర్ వాళ్లకు తెలీదు, సీడెడ్ (రాయలసీమ) పంపిణీ హక్కులు కొంటామని వచ్చి టీ తాగి వెళ్లినవాళ్లకు అసలే తెలీదు. అందుకే మీకు రాస్తున్నాను.

సినిమా పేరు ఇక్కడ కావాలనే రాయడం లేదు. "విడుదల కాక మూలపడింది" అని ఒక్కసారి పేరు పడితే, రేపు కొనడానికి వచ్చేవాడు ఆ మాటే పట్టుకుని సగానికి బేరమాడతాడు. దర్శకుడి పేరూ రాయను. మా వైపు కుర్రాడే. ఎస్వీ యూనివర్సిటీలో చదివాడు, హైదరాబాదులో అసిస్టెంటుగా పనిచేశాడు, తిరిగొచ్చి బంగారుపాళ్యం చుట్టుపక్కల పల్లెల్లో సినిమా తీశాడు. సొంత డబ్బు కొంత, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకునే స్నేహితులు తలా కొంత వేసింది మిగతాది. కథ ఒక తోతాపురి మామిడి రైతుది.

నేను ప్రివ్యూలో చూశాను. అందులో ఒక సీనుంది. రాత్రిపూట పల్ప్ ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. టోకెన్ పిలుపు రాదు. రైతు ట్రాలీ ఎక్కి, చెయ్యి లోపలికి పెట్టి, అడుగునున్న కాయను నొక్కి చూస్తాడు. మెత్తబడింది. మాట్లాడకుండా దాన్ని తీసి పక్కన పెడతాడు. మళ్లీ చెయ్యి పెడతాడు, ఇంకోటి. మ్యూజిక్ లేదు, డైలాగ్ లేదు. నా పక్కన కూర్చున్న పెద్దాయన మాత్రం "అయిపోయింది, లోడంతా పోయింది" అని పైకే అనేశాడు. 2025లో తోతాపురి ధర పడిపోయి, ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు తన వంతుగా ఇవ్వాల్సి వచ్చిన సీజన్ మీకు గుర్తుండే ఉంటుంది. అప్పటికే ఈ సినిమా ఫస్ట్ కాపీ సిద్ధంగా ఉంది. ఊరంతా మామిడి గురించే మాట్లాడుకుంటున్న రోజుల్లో మామిడి రైతు సినిమా హార్డ్‌డిస్కులోనే ఉండిపోయింది.

నటించినవాళ్లలో ఎక్కువమంది ఆ పల్లెల వాళ్లే. తల్లి వేషం వేసిన అవ్వ దర్శకుడు కనబడితే చాలు, "ఏం నాయినా, మన బొమ్మ ఎప్పుడేస్తారు?" అని నిలేస్తుంది. "వచ్చే నెల అవ్వా" అంటాడు. ఆ వచ్చే నెల ఎన్నోసారో ఇద్దరూ లెక్కపెట్టడం మానేశారు. నాకూ ఇదే గొడవ. నాది ఫ్లెక్సీ ప్రింటింగ్ పని. ఆ సినిమా పోస్టర్ డిజైన్ చేసి పెట్టాను. పైన ట్రాక్టర్, కింద టైటిల్, టైటిల్ కింద "విడుదల" అని రాసి పక్కన ఖాళీ. షాపుకొచ్చిన స్నేహితులు సిస్టమ్‌లో ఆ ఫైల్ చూసి, "ఇంకా ఖాళీగానే ఉందే?" అని నన్నే అడుగుతారు, నేనేదో ఆపినట్టు.

సినిమా పూర్తయింది, సెన్సార్ అయింది, ఇంక అడ్డేముందని మీరు అడగొచ్చు. సెన్సార్ సర్టిఫికెట్‌కు గడువు ఉండదని 2023 చట్ట సవరణలో స్పష్టంగా రాశారు. మా సినిమా నడక చూస్తే ఆ సవరణ మాకోసమే చేశారేమో అనిపిస్తుంది. అసలు అడ్డు తేదీ దగ్గర ఉంది.

విడుదల తేదీ ప్రకటించాలంటే థియేటర్ ఖరారు కావాలి. థియేటర్ ఖరారు కావాలంటే ఆ వారం పెద్ద సినిమా ఏదీ లేదని తేలాలి. అది ఎప్పుడూ తేలదు. సంక్రాంతి, వేసవి, దసరా ఎలాగూ మావి కావు. మిగిలిన వారాల్లో ఒకటి చూసుకుని కూర్చుంటే, ఎక్కడో ఒక పెద్ద సినిమా గ్రాఫిక్స్ పూర్తికాలేదని వాయిదా పడుతుంది. అది ఖాళీ చేసిన తేదీలోకి ఒక మధ్యరకం సినిమా దూకుతుంది. పెద్దది వెనక్కి జరిగి సరిగ్గా మా వారంలో దిగుతుంది. బస్సులో ముందు సీటాయన లేచి మారితే వెనకాల నిలబడ్డవాళ్లంతా సర్దుకోవాల్సినట్టు ఉంటుంది మా పరిస్థితి. పైగా మాది మూడు రాష్ట్రాల సరిహద్దు. చెన్నైలో పెద్ద సినిమా వస్తే చిత్తూరులో స్క్రీన్లు పోతాయి, బెంగళూరులో వస్తే కుప్పం వైపు కదలిక ఉంటుంది. చిత్తూరు యాసలో మాట్లాడే సినిమాకు చిత్తూరులోనే చోటు లేదు. అదే యాస మాట్లాడిన పాత్రకే కదా అల్లు అర్జున్ గారు 2021 సంవత్సరానికి జాతీయ ఉత్తమ నటుడయ్యారు!

తేదీ దొరికిందే అనుకుందాం. రీళ్లు పోయి డిజిటల్ వచ్చాక ఖర్చు తగ్గిందని అందరూ అంటారు. ప్రింటు ఖర్చు తగ్గిన మాట నిజమే. దాని స్థానంలో వీపీఎఫ్, అంటే వర్చువల్ ప్రింట్ ఫీజు వచ్చింది. సినిమా వేసే ప్రతి స్క్రీన్‌కూ ప్రొజెక్షన్ కంపెనీకి నిర్మాత కట్టాలి. ఆ లెక్క తేలాకే కేడీఎం ఇస్తారు. సినిమా ఫైల్‌కు అది తాళంచెవి లాంటిది. ఏ థియేటర్లో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా వేయొచ్చో అందులోనే ఉంటుంది. 2018 మార్చిలో ఈ చార్జీల మీదే దక్షిణాది నిర్మాతలు విడుదలలు ఆపేశారు, మన దగ్గర థియేటర్లు మూతపడ్డాయి. కొన్నాళ్లకు రాజీ కుదిరింది. ఆ రాజీలో మా కుర్రాడిలాంటి వాళ్ల తరఫున మాట్లాడినవాళ్లు ఎవరో నాకైతే కనబడలేదు.

ఒక థియేటర్ మేనేజర్ దగ్గరకు నేనూ దర్శకుడితో వెళ్లాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "శుక్రవారం మార్నింగ్ షో ఇస్తాను తమ్ముడూ. జనం వస్తే మ్యాట్నీ ఉంటుంది, రాకపోతే వేరే బొమ్మ వేసుకుంటాను. ఏసీ బిల్లు, స్టాఫ్ జీతాలు నువ్వు కట్టవు కదా" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. కానీ శుక్రవారం పొద్దున పదకొండు గంటలకు బంగారుపాళ్యం రైతు చిత్తూరు వచ్చి సినిమా చూడడు. అతను ఖాళీ అయ్యేసరికి సాయంత్రమవుతుంది. అప్పటికి సినిమా ఉండదు.

ఓటీటీకి ఇచ్చేయొచ్చు కదా అనేవాళ్లకు ఒక మాట. కరోనా రోజుల్లో అడిగి మరీ కొన్నారు. ఇప్పుడు ముందు థియేటర్లో వేసి రమ్మంటున్నారు. ఇక చిన్న సినిమాలు ఎవరు చూస్తారనే మాట. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'లో నటించింది చాలావరకు ఆ పేటవాళ్లే. ఒక పెద్ద నిర్మాణ సంస్థ చెయ్యి వేసింది కాబట్టి జనం దాకా వచ్చింది, వచ్చాక జనం చూశారు. తెలంగాణ పల్లె యాసలో తీసిన 'ముత్తయ్య' 2022లో యూకే ఏషియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఆడింది. మన ఇళ్లలో ఓటీటీలో కనబడింది 2025లో. లండన్ వాళ్లు చూసిన మూడేళ్లకు మనం చూశామన్నమాట.

ఇప్పుడు మీ శాఖ సంగతికి వస్తాను. పెద్ద సినిమాకు టికెట్ రేటు పెంచాలన్నా, బెనిఫిట్ షో వేయాలన్నా విడుదల ముంగిట్లో కూడా జీవో వస్తుంది. నేను దానికి వ్యతిరేకిని కాదు, నా షాపు అద్దె కట్టేది ఆ కటౌట్లే. 2025 మే నెలలో ఎగ్జిబిటర్లు, అంటే థియేటర్లు నడిపేవాళ్లు, అద్దె పద్ధతి వద్దు, వసూళ్లలో పర్సంటేజీ కావాలని, లేకుంటే జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామని అన్నప్పుడు మీరు విచారణకు ఆదేశించారు. అంటే తేదీల విషయంలో, థియేటర్ల విషయంలో ప్రభుత్వం కదలగలదు. కదిలించేవాడు ఎంతటివాడన్నదే తేడా.

కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 2022 మార్చి 7న గత ప్రభుత్వం ఇచ్చిన జీవో 13 ఉంది. టికెట్ రేట్ల గొడవలో అందరూ 20 రూపాయల నుంచి 250 దాకా ఉన్న పట్టికనే చదివారు. అదే ఉత్తర్వులో రోజుకు ఐదు ఆటలకు అనుమతిస్తూ, చిన్న బడ్జెట్ సినిమాకు ఒక ఆట ఇవ్వాలని, అది పగలు 11 నుంచి రాత్రి 9 లోపే ఉండాలని రాశారు. ఎవరు రాసినా మంచి ఆలోచనే. ఐదో ఆట వచ్చింది. చిన్న సినిమా మాత్రం అందులోకి రాలేదు. కనీసం మా ఊళ్లో నా కళ్లకు ఆనలేదు.

నేను అడిగేది రాష్ట్రమంతా కూడా కాదు. తిరుపతి జిల్లాలో ఒక హాలు, చిత్తూరు జిల్లాలో ఒక హాలు చాలు. రోజూ సాయంత్రం ఆరు గంటల ఆట, వారం రోజులు, ఒక చిన్న సినిమాకు. వరస ప్రకారం ఇవ్వండి, ముందు సెన్సారైనది ముందు. రెండు నెలల ముందే తేదీ చెప్పండి. చెప్పిన తేదీని ఎంత పెద్ద హీరో సినిమా వచ్చినా జరపకండి. నాకు తెలిసి ప్రాణం ఇక్కడే ఉంది. సబ్సిడీ ఇచ్చి తేదీ ఇవ్వకపోతే ఆ డబ్బు వడ్డీకే సరిపోతుంది. తేదీ ఇస్తే సబ్సిడీ లేకపోయినా మేమే తిరిగి జనాన్ని పోగుచేస్తాం. హాలు అద్దె దర్శకుడే కడతాడు, ఆ మాట నేను ఆయన్ని అడిగే రాస్తున్నాను. థియేటర్ లైసెన్సులు జాయింట్ కలెక్టర్ల చేతిలో ఉన్నాయి. ఇద్దరు జాయింట్ కలెక్టర్లు, ఇద్దరు హాలు ఓనర్లు, ఒక మీటింగ్. వీపీఎఫ్ సంగతి కూడా అదే మీటింగ్‌లో ప్రొజెక్షన్ కంపెనీ వాళ్లను పిలిచి, ఈ వారం రోజులకు ఎంత తగ్గిస్తారో అడగండి.

ప్రైవేటు హాలు కుదరదంటే చిత్తూరులో నాగయ్య గారి పేరు మీద కళాక్షేత్రం ఉంది. ఆయన ఊరి పేరునే ఇంటిపేరు చేసుకుని వెండితెర మీద చిత్తూరును నిలబెట్టిన మనిషి, 1965లో పద్మశ్రీ అందుకున్న నటుడు. ఆయన పేరున్న చోట మంచి ప్రొజెక్టర్ పెట్టించి, తాత్కాలిక అనుమతితో వారానికి రెండు రోజులు సినిమా వేయిస్తే కాదనేవాళ్లు ఉండరనుకుంటాను. కేరళలో అక్కడి ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌కు సొంత థియేటర్లే ఉన్నాయి. 2024 మార్చిలో ప్రభుత్వ ఓటీటీ కూడా పెట్టుకున్నారు, సీ స్పేస్ అని. చూసినంతకే డబ్బు, వచ్చినదాంట్లో సగం నిర్మాతకు.

మనకు అంతకంటే ముందే ఒక ప్రయత్నం జరిగింది. 2023 జూన్‌లో విశాఖలో ఏపీ ఫైబర్‌నెట్ ద్వారా కొత్త సినిమా విడుదల రోజే ఇంట్లో చూసే పద్ధతి మొదలుపెట్టారు, 99 రూపాయలు కడితే 24 గంటలు. తర్వాత దాని ఊసు మా వైపు వినబడలేదు. అది గత ప్రభుత్వం పథకం కాబట్టి ఇబ్బందిగా ఉంటే పేరు మార్చుకోండి, మాకేం పట్టింపు లేదు. పల్లెలో టీవీకి ఫైబర్‌నెట్ బాక్స్ ఉన్న ఇంట్లో ఆ అవ్వ తన బొమ్మ తాను చూసుకుంటే చాలు.

ఇంకొక్కటి. షూటింగ్ అనుమతులు ఇచ్చేది మీ చలనచిత్ర, టీవీ, నాటకరంగ అభివృద్ధి సంస్థే. అంటే ఈ రాష్ట్రంలో ఏ సినిమా ఎక్కడ తీశారో ఆ సంస్థకు తెలుసు. ఆ జాబితాకు పక్కన ఇంకో గడి కలపమనండి: పూర్తయిందా, సెన్సారైందా, హాలు దొరికిందా. నెలకోసారి పత్రికలకు ఇవ్వండి. కష్టమైన పనేం కాదు, ఒక గుమస్తాకు ఒక పూట పని. మాలాంటి వాళ్లు దర్శకుడికి ఫోన్ చేసి విసిగించడం తప్పుతుంది. ఆయన ఈ మధ్య ఫోన్ ఎత్తడం తగ్గించాడు. కోపం లేదు, చెప్పడానికేం లేక.

ఈ లేఖకు జవాబు నాకు రానక్కర్లేదు. మీ ఆఫీసు నుంచి ఎవరైనా ఆ దర్శకుడితోనే మాట్లాడితే మేలు. బంగారుపాళ్యంలో షూటింగ్‌కు పెట్టుకున్న అర్జీలో ఆయన ఫోన్ నంబరు ఉంది, ఆ అర్జీ మీ కార్పొరేషన్ దగ్గరే ఉంది. మీ నంబరు నుంచి వస్తే తప్పకుండా ఎత్తుతాడు.

ఇట్లు,
ఒక ఫ్లెక్సీ షాపు యజమాని,
తిరుపతి