కొండలో మిగిలిన మీటరు గేజు

కర్నూలు

ఏం మామా, బాగుండావా?

నంద్యాల నుంచి గిద్దలూరు దాకా పట్టాల వెంబడి పోతే పాత చిన్నలైను (మీటరు గేజు) ఆనవాళ్లు కనబడతాయా అని రాసినావు. కనబడవప్పా. ఆ లైను చానావరకు ఇప్పటి పెద్దలైను (బ్రాడ్ గేజు) కిందనే ఉంది. 1992లో అన్ని లైన్లనూ పెద్దలైనుగా మార్చే యూనిగేజ్ పథకం మొదలైనాక మైదానంలో చేసింది ఒకటే పని: పాత కట్టను వెడల్పు చేసి దాని మీదే పెద్ద పట్టాలు పరిచినారు. వంతెనలు మార్చినారు, స్టేషన్లు కొత్తగా కట్టినారు. నంద్యాల నల్లరేగట్లో నువ్వు ఎంత వెతికినా దొరికేది కంకరే. పాత లైను చూడాలంటే, పెద్దలైను దాని వెంట పోలేకపోయిన చోటికి పోవాల. అది నల్లమల.

ఎందుకు పోలేకపోయిందో తెలిస్తే యాడ వెతకాలో నీకే తెలుస్తుంది. చిన్నలైనులో రెండు పట్టాల మధ్య వెయ్యి మిల్లీమీటర్లు, పెద్దలైనులో 1676. డిగ్రీలు పెరిగేకొద్దీ మెలిక బిగువవుతుంది. చిన్నబండి 16 డిగ్రీల వంపు దాకా తిరుగుతుంది, అంటే 109 మీటర్ల వ్యాసార్ధం. పెద్దలైనుకు హద్దు 10 డిగ్రీలు, 175 మీటర్లు. అందుకే 1876-78 నాటి ధాత కరువు తర్వాత, 1880లలో సదరన్ మరాఠా రైల్వే వాళ్లు కొండను తొలిచే ఖర్చు తగ్గించుకుని, వాగుల పక్కన మెలికలు తిరుగుతూ లైను వేయగలిగినారు. పెద్దలైను అన్ని మెలికలు తిరగలేదు, తిన్నగా పోవాల. రెండోది బరువు. చిన్నలైను మీద నడిచిన వైపీ రకం ఆవిరి ఇంజను ఇరుసుకు పదిన్నర టన్నుల చిల్లర మోపేది. ఈనాటి గూడ్సు వ్యాగను ఇరుసుకు 20 టన్నులు దాటుతుంది. చిన్నబండి లెక్కన కట్టిన ఎత్తు వంతెన మీద ఇంత బరువు నడపడం కుదిరే పని కాదు. చెలమ, బోగద మధ్య దొరబావి వంతెన అట్లా మిగిలిపోయిందే. పేరులోనే దొరా ఉన్నాడు, బావీ ఉంది, నీళ్లు మాత్రం అడగొద్దు.

అడవిలో పాత కట్టను గుర్తుపట్టడంలో అందరూ తప్పుతారు. అటవీశాఖ జీపుబాట, పాత బండిబాట, రైలుకట్ట మూడూ ఎండుటాకుల కింద ఒకేలా ఉంటాయి. వాలు చూడు. తాపీమేస్త్రి మట్టం చూసే నీళ్ల లెవల్ పైపు ఒకటి పట్టుకుపో, పది మీటర్లది చాలు. ఘాట్‌లో రైలుకట్ట నూటికి ఒకటి, అటూఇటుగా, ఎక్కుతుంది, అంటే పది మీటర్లకు పది సెంటీమీటర్లు. అంతేగాక ఆ వాలు ఫర్లాంగుల కొద్దీ మారకుండా సాగుతుంది. పది మీటర్లకే అర మీటరు లేచిందంటే అది ఎడ్లబండి ఎక్కే దారి, ఇంజను ఎక్కే దారి కాదు. ఫోన్లో ఎత్తు చూపించే యాప్‌ను నమ్మొద్దు, చెట్ల కింద అది పది మీటర్లు కూడా తప్పు చెబుతుంది.

వాలు కుదిరితే వంపు కొలువు. పట్టాలు చూసుకునే గ్యాంగుల్లో, వాళ్ల పైన ఉండే పీడబ్ల్యూఐ ఇన్‌స్పెక్టర్లలో నడిచే చిట్కా ఇది: 11.8 మీటర్ల తాడును వంపు లోపలివైపు నుంచి బిగించి రెండు చివరలూ పట్టాకు ఆనించి, నడిమిట్లో తాడుకూ పట్టాకూ మధ్య ఎడం కొలిస్తే, ఎన్ని సెంటీమీటర్లు వస్తే అన్ని డిగ్రీల వంపు. నీకక్కడ పట్టాలుండవు. కంకర అంచో, తొలిచిన రాతి గోడో ఆధారం. ఆ గరుకు అంచు మీద రెండు మూడు సెంటీమీటర్లు ఊరికే తప్పిపోతాయి, డిగ్రీ లెక్క చెడుతుంది. అందుకని తాడు రెట్టింపు చెయ్యి, 23.6 మీటర్లు. ఎడం నాలుగింతలవుతుంది, వచ్చిన సెంటీమీటర్లను నాలుగుతో భాగించు. ఐదు చోట్ల కొలిచి సగటు తీసుకో.

పట్టాలు యాడికి పోయినాయని కదా నీ రెండో ప్రశ్న. పాత పట్టా వృథా కాదు మామా. రైల్వేనే వాటిని నరికి గేటు స్తంభాలుగా, కంచె గుంజలుగా నాటుకుంటుంది. స్టేషన్ చుట్టూ నిలబెట్టిన ముక్కలు చూడు. గుంజ పొడవు కాదు, పట్టా అడుగు నుంచి తల దాకా ఎత్తు కొలిస్తే తూకం తెలుస్తుంది: 114 మిల్లీమీటర్లుంటే గజానికి 60 పౌన్లది, 129 దగ్గరుంటే 75 పౌన్లది. ఇవి చిన్నలైనువే అనుకోవచ్చు. 143 ఉంటే 90 పౌన్లది, అది రెండు లైన్లలోనూ వాడినారు కాబట్టి దాన్ని బట్టి ఏమీ చెప్పలేం. పట్టా నడుము మీద ఉబ్బెత్తు అక్షరాలుంటాయి, తయారీదారు పేరు, సంవత్సరం. తుప్పును కత్తితో గీకొద్దు, సుద్దముక్క అడ్డంగా రుద్దితే తెల్లగా తేలుతాయి. చెక్క స్లీపరు దొరికితే పొడవు చూడు: 1.8 మీటర్లయితే చిన్నది, 2.75 అయితే పెద్దది. కానీ మేకు ఒక్కటి కూడా జేబులో వేసుకోవాకు. 1966 చట్టం ప్రకారం రైల్వే సొత్తు దగ్గర పెట్టుకుంటే కేసే.

పోయే కాలం గురించి. వానలు పడినాక బోదగడ్డి తలెత్తు పెరిగి కట్ట కనబడదు. ఆకు రాలే ఫిబ్రవరి, మార్చి నెలలే మంచివి. అది గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం సీమ, చిరుతలున్నాయి. అటవీశాఖ అనుమతి లేకుండా రోడ్డు దిగొద్దు, వాళ్ల మనిషి తోడు లేకుండా అసలే వద్దు. వంతెనల కింద పెద్ద తేనెటీగల తుట్టెలుంటాయి, బీడీ పొగకే లేస్తాయి. తూముల్లోకి తల పెట్టేముందు కర్రతో తట్టు. నడిచే లైను మీదికి మాత్రం ఎక్కొద్దు, వంపుల్లో బండి వచ్చేది వినబడదు.

తాడు కొలిచినాక లెక్క నాకు రాయి. నాలుగుతో భాగించినాక పది దాటిందంటే అది చిన్నలైనే.