గూడ్స్ డబ్బాకు రంగు కంటే ముందు బరువు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో ఇంట్లో నడిపే నమూనా రైళ్ల మీద వచ్చిన వ్యాసం చదివి చాలామంది గూడ్స్ డబ్బాలు చేయడానికి కూర్చునే ఉంటారు. మంచిదే. కాని డబ్బాకు నల్లరంగు పూసి, పైన ఇంత బొగ్గుపొడి అతికిస్తే సింగరేణి బండి తయారైపోతుందని అందులో రాసినదాన్ని మాత్రం సరిదిద్దాలి. అట్లా చేసింది అల్మారాలో పెట్టుకోవడానికి బాగానే ఉంటుంది. పట్టాల మీద పెట్టి లాగితే మొదటి మలుపులోనే పక్కకు ఒరుగుతుంది. పైగా పైకప్పు లేకుండా బొగ్గు మోసే బాక్స్‌ఎన్ డబ్బా నల్లగా ఉండదు. కాజీపేట ప్లాట్‌ఫారం మీద కాసేపు నిలబడి చూసినా తెలుస్తుంది, దాని రంగు ఎర్రమన్నుకూ కాఫీపొడికీ నడుమ ఎక్కడో ఉంటుంది.

ముందు కొలతలు చూద్దాం. అసలు బాక్స్‌ఎన్ కప్లర్ (పక్క డబ్బాకు తగిలించే కొక్కెం) నుంచి కప్లర్ దాకా 10,713 మి.మీ. పొడవు. కప్లర్లు తీసేస్తే ఒంటి పొడవు 9,784, వెడల్పు 3,200, పట్టా మీది నుంచి ఎత్తు 3,225. హెచ్‌ఓ స్కేలు అంటే 87వ వంతు. భాగించుకుంటే 123, 112.5, 37, 37 మి.మీ. వస్తాయి. వెడల్పూ ఎత్తూ దాదాపు ఒకటే కావడం గమనించండి. నమూనా మరీ పొడవుగానో మరీ సన్నగానో కనిపిస్తోందంటే మొదట కొలవాల్సింది ఈ రెండే.

చిక్కంతా గేజి దగ్గర, అంటే రెండు పట్టాల మధ్య దూరం దగ్గర. మన బ్రాడ్‌గేజి 1,676 మి.మీ., 87వ వంతుకు 19.3 రావాలి. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5 మాత్రమే. మార్చాలంటే పట్టాలు, దారి మార్చే పాయింట్లు, ఇంజన్లు అన్నీ సొంతంగా చేసుకోవాలి కనుక దీనికి సర్దుకుపోక తప్పదు. అయితే ఒళ్లు 37 మి.మీ. వెడల్పుతో అట్లాగే ఉండి, నిలబడే చోటు ఇరుకైతే డబ్బా తేలిగ్గా తూలుతుంది. అందుకే మన డబ్బాలకు బరువు అడుగున ఉండాలి, అదీ తగినంత ఉండాలి.

ఎంత ఉండాలన్నదానికి అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ లెక్క ఉంది. హెచ్‌ఓ డబ్బాకు మొదట ఒక ఔన్సు, ఆపైన ఒంటి పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు. 112.5 మి.మీ. అంటే నాలుగున్నర అంగుళాలకు కాస్త తక్కువ, కాబట్టి బరువు గ్రాముల్లో సుమారు 90. ప్లాస్టిక్ షీటుతో చేసిన ఖాళీ డబ్బా అందులో సగం కూడా తూగదు. కిరాణా దుకాణపు త్రాసు మీద పెట్టినా తేడా తెలిసిపోతుంది. మిగతా బరువుకు సీసపు రేకు మేలు. ఇనుప నట్లు, వాషర్లు కూడా పనికొస్తాయి గాని, పట్టాల కింద అయస్కాంతం పెట్టి కప్లర్లు విడదీసే ఏర్పాటు ఉన్నచోట అడుగున ఇనుము ఉంటే డబ్బా అక్కడ గుంజుకుని ఆగుతుంది. ఉక్కు ఇరుసులతోనూ ఇదే బాధ.

సీసాన్ని మాత్రం ఫెవికాల్‌తో అతికించవద్దు. తెల్లజిగురు విడిచే ఆమ్లపు ఆవిరికి సీసం మెల్లమెల్లగా తెల్లపొడిగా మారి ఉబ్బుతుంది. ఏడాదికో రెండేళ్లకో అడుగు పలక విచ్చుకుంటుంది, డబ్బా పక్కలు చీలిపోతాయి. అరాల్డైట్ లాంటి రెండు ట్యూబుల జిగురే సరి. సీసం ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చిన్నపిల్లలకు ఆ పని అప్పగించకూడదు.

ఇప్పుడు చక్రాలు. అసలు డబ్బా చక్రం 1,000 మి.మీ., నమూనాలో 11.5 రావాలి. ఎక్కువగా దొరికే అమెరికా చక్రాలు 33 అంగుళాల నమూనాలు, అంటే 9.6 మి.మీ. వాటిని పెడితే డబ్బా ఒక మిల్లీమీటరు కిందికి దిగుతుంది. ట్రక్కు, అంటే డబ్బా అడుగున నాలుగు చక్రాలను పట్టి ఉంచే చట్రం, దాని సంగతీ అంతే. మన కాస్నబ్ ట్రక్కులో రెండు ఇరుసుల మధ్య 2,000 మి.మీ., అంటే నమూనాలో 23. అమెరికా ట్రక్కు ఇరవైకి అటూ ఇటూ ఉంటుంది. రెండు రకాల ట్రక్కులూ మూడేసి పోత ముక్కలతో చేసినవే కాబట్టి చూడటానికి పోలిక బాగానే ఉంటుంది. ఆ రెండు మూడు మిల్లీమీటర్ల లోటు కంటికి ఆననివాళ్లు అట్లాగే వాడుకోవచ్చు. ప్లాస్టిక్ చక్రాలు మాత్రం వద్దు. వాటి అంచుకు మురికి పేరుకుని, ఆ మురికే పట్టాల మీద పరుచుకుంటుంది. లోహపు చక్రాలు వేసి, రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 14.4 మి.మీ. ఉందో లేదో కాలిపర్‌తో చూడాలి. తక్కువైతే పాయింటు దగ్గర చక్రం తప్పుదారి పడుతుంది, ఎక్కువైతే పట్టాను రాసుకుంటూ పోతుంది.

ఇరుసు మొనలు సూదిలా ఉండి ట్రక్కు గుంటలో ఆడాలి. ఇరుసు అర మిల్లీమీటరు పొడవెక్కువైనా బిగుసుకుంటుంది, తక్కువైతే చక్రం అటూ ఇటూ ఊగుతుంది. మీటరుకు రెండు సెంటీమీటర్ల వాలు మీద డబ్బాను వదిలితే తనంతట తాను దొర్లిపోవాలి. దొర్లకపోతే గుంటలో ప్లాస్టిక్ నలుసు ఉందేమో చూడండి. నూనె పోయడం పరిష్కారం కాదు, దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది.

ట్రక్కుల స్క్రూలు రెండింటినీ ఒకేలా బిగించడం కొత్తవాళ్లు చేసే మామూలు పొరపాటు. ఒక ట్రక్కు పక్కలకు తిరిగితే చాలు, ఊగకూడదు. రెండోది తిరగాలి, ఊగాలి కూడా. అప్పుడు డబ్బా మూడుకాళ్ల పీటలా ఎగుడుదిగుడు పట్టా మీద కూడా కుదురుగా నిలుస్తుంది. రెండూ బిగిస్తే ఒక చక్రం గాలిలో వేలాడుతుంది, రెండూ వదులైతే మలుపులో డబ్బా ఒళ్లంతా ఊగిపోతుంది.

కప్లర్ ఎత్తు దగ్గర తప్పనిసరిగా ఒక నిర్ణయం చేసుకోవాలి. మన రైల్వేలో ఖాళీ డబ్బాకు కప్లర్ మధ్యగీత పట్టా మీది నుంచి 1,105 మి.మీ. దాకా ఉంటుంది, నమూనాలో 12.7. కేడీ అనే అమెరికా కంపెనీ కప్లర్లకు పెట్టుకున్న హెచ్‌ఓ ఎత్తు 9.9. ఈ రెంటికీ మధ్య ఉన్న మూడు మిల్లీమీటర్లే ఎన్నో బళ్లను నడుమ తెంపుతాయి. ఒక డబ్బాకు అసలు ఎత్తు, ఇంకోదానికి కేడీ ఎత్తు పెడితే మలుపు మీద ఒకటి పైకి జారి విడిపోతుంది. నడిపే బండికి అన్నీ 9.9 దగ్గరే ఉంచడం మేలు. అడుగు చట్రానికి రెండున్నర, మూడు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ముక్క అతికించి దాని కింద కప్లర్ పెట్టె బిగించాలి. చూపుకు కొంచెం కిందికి వేలాడినట్టుంటుంది, కాని విడిపోదు. ఎత్తు కొలిచే గేజితో చూసుకోకుండా కప్లర్‌ను జిగురుతో శాశ్వతంగా అంటించడం మాత్రం ఎవరూ చేయవద్దు.

ఇవన్నీ కుదిరాకే అలంకారం. గాలిబ్రేకు గొట్టాలు డబ్బా కొసకు వేలాడతాయి. అసలువి వేలి కంటే లావే, అయినా నమూనాలో 0.4 మి.మీ. రాగితీగ చాలు. అర మిల్లీమీటరు డ్రిల్లుతో చిల్లు చేసి దూర్చాలి. ఫెవిక్విక్ చుక్క తీగ కొనతో అందించండి. ట్యూబు నుంచి నేరుగా పిండితే దాని ఆవిరి చుట్టూ తెల్లటి పొర కడుతుంది, రంగు వేశాక కూడా ఆ మచ్చ తేలుతుంది.

బొగ్గు సంగతికి వద్దాం, ఇది మన జిల్లాల సొంత సరుకు కదా. కట్టెబొగ్గు నూరితే మెత్తటి మసి అవుతుంది, పెళ్లల్లా నిలవదు. నేలబొగ్గే వాడాలి. రైల్వే యార్డులో డబ్బాల నుంచి ఏరుకురావడం దొంగతనం కిందికి వస్తుంది కనుక కొలిమి దగ్గర అడిగి గుప్పెడు తెచ్చుకోండి, పది డబ్బాలకు సరిపోతుంది. గుడ్డలో మూటగట్టి సుత్తితో కొట్టి, చాయ్ వడపోసే జాలిలో జల్లించాలి. పిడికిలంత పెళ్ల అంటే నమూనాలో మిల్లీమీటరు పైచిలుకు. జాలి దాటిన సన్న నలుసులు, పైన మిగిలిన చిన్న పెళ్లలు కలిపి వాడితేనే నిజంగా కనిపిస్తుంది, అన్నీ ఒకే సైజువైతే ఆవాలు పోసినట్టుంటుంది.

బాక్స్‌ఎన్ లోపలి పరిమాణం దాదాపు 56 ఘనపు మీటర్లు, మోసే బరువు 58 టన్నుల పైన. పోసిన బొగ్గు ఘనపు మీటరుకు టన్ను తూగదు. అంచుదాకా చదునుగా నింపితే యాభై టన్నులు కూడా రాకపోవచ్చు, అందుకే నడుమ కుప్పగా ఉంటుంది. లోడరు బకెట్‌తో పోసిన డబ్బాలో కుప్పలు విడివిడిగా కనిపిస్తాయి, సైలో, అంటే ఎత్తయిన బొగ్గు తొట్టి కింద నింపినదాంట్లో పై భాగం ఒకే తీరుగా ఉంటుంది. నమూనాలో అంచుపైన మూడు నాలుగు మిల్లీమీటర్లు లేస్తే చాలు.

థర్మకోల్ ముక్కను డబ్బా లోపలి కొలతకంటే నాలుగువైపులా మిల్లీమీటరు తక్కువగా కోసి, కుప్పల ఆకారం చెక్కి, నీళ్లలో కలిసే నల్ల ఆక్రిలిక్ రంగు వేయాలి. స్ప్రే డబ్బా రంగు గాని, ఫెవిక్విక్ గాని తగిలితే థర్మకోల్ కరిగిపోతుంది. ఆరాక ఫెవికాల్, నీళ్లు సగం సగం కలిపి పూసి బొగ్గు చల్లాలి. మర్నాడు గిన్నెలు తోమే సబ్బు చుక్క కలిపిన నీళ్లతో తడిపి, ఒక పాలు ఫెవికాల్‌కు మూడు పాళ్ల నీళ్లు కలిపి డ్రాపర్‌తో చుక్కలుగా వదలాలి. తడపకపోతే జిగురు గుండ్రటి పూసలై బొగ్గును పక్కకు నెట్టేస్తుంది. ఆరాక మెరుపు కనిపిస్తే మ్యాట్ వార్నిష్ ఒక పూత. కుప్ప లోపల చిన్న ఇనుప వాషరు దాస్తే పైన అయస్కాంతం ఆనించి బొగ్గు మొత్తం ఒక్కసారే ఎత్తేయవచ్చు, అప్పుడు అదే డబ్బా ఖాళీ బండిలోనూ నడుస్తుంది. తొంభై గ్రాములు ఖాళీ డబ్బాకే ఉండాలి కనుక సీసం చట్రం దూలాల మధ్య దాచాలి, బొగ్గు కింద కాదు. అంత చోటు దొరకని తేలిక డబ్బాలను బండి తోకన పెట్టండి. ఇంజను పక్కన పెడితే వెనక బరువు గుంజి మలుపు లోపలికి పడేస్తుంది.

రంగులో అందరూ తప్పేది పాతబడ్డ తీరు చూపించడంలోనే. ఒళ్లంతా తుప్పు పూసేస్తారు. అసలు డబ్బా దేనివల్ల ఎక్కడ అరిగిందో చూడాలి. థర్మల్ కేంద్రంలో బాక్స్‌ఎన్‌ను టిప్లర్‌లో పట్టి తలకిందులుగా తిప్పి బొగ్గు దింపుతారు. పట్టే క్లాంపులు పై అంచును నొక్కి సొట్టలు పెడతాయి, అక్కడ రంగు లేచి ఇనుము బయటపడుతుంది. లోపలి గోడల మీద బొగ్గు రాసుకుని రంగు నిలవదు, అక్కడే నారింజ తుప్పు ఎక్కువ. బయట నిలువు కమ్మీల మూలల్లో నల్లదుమ్ము పేరుకుంటుంది, వాన దాన్ని కింది దాకా చారలుగా దించుతుంది. అడుగున బ్రేకు పొడి, ఎర్రమట్టి దుమ్ము. చక్రం పక్కలు గోధుమరంగు, పట్టాను తాకే అంచు మాత్రం తళతళ. లోపలి తుప్పు చూడాలంటే కాజీపేట, పెద్దపల్లి, మంచిర్యాల స్టేషన్ల పాదచారుల వంతెన మీది నుంచి ఖాళీ బండి పోతుంటే చూడండి. పట్టాల మీదికి దిగొద్దు, 1989 రైల్వే చట్టం 147వ సెక్షను కింద నేరం.

ఈ దుమ్ము చారలు చూపించే పలచటి రంగుకు పాళ్లు ఒకటికి పది నీళ్లు, బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగులో కొంచెం నలుపు. ముందు మ్యాట్ ప్రైమర్ లేకపోతే నున్నటి ప్లాస్టిక్ మీద అది చుక్కలుగా జారిపోతుంది. రంగు లేచిన మచ్చలకు గిన్నెలు తోమే స్పాంజి ముక్క కొసను తుప్పురంగులో అద్ది, కాగితం మీద చాలావరకు తుడిచేసి, మిగిలినదానితో తాకించాలి. రామగుండం ఎండల్లో మధ్యాహ్నం స్ప్రే చేస్తే రంగు గాలిలోనే ఆరి ఇసుకలా పడుతుంది, ముసురు పట్టిన రోజున చేస్తే తెల్లగా మంచు కమ్మినట్టవుతుంది. తెల్లవారుజాము, పొడి వాతావరణం మేలు.

నంబర్లు ఊరికే రాయకండి. వ్యాగన్ నంబరులో 11 అంకెలు. మొదటి రెండు డబ్బా రకం, పైకప్పు లేనివాటికి 10 నుంచి 29 దాకా, బాక్స్‌ఎన్‌కు 10. తర్వాతి రెండు రైల్వే జోను, దక్షిణ మధ్య రైల్వేకు 09. తర్వాత తయారైన ఏడాది రెండంకెలు, డబ్బా సొంత అంకెలు నాలుగు, చివర సరిచూసే అంకె. సరిస్థానాల్లోని అంకెలు కూడి మూడుతో హెచ్చించి, బేసిస్థానాల మొత్తం కలిపి, ఆ పైన వచ్చే పదుల సంఖ్యకు ఎంత తక్కువో అదే చివరి అంకె. ఉదాహరణకు 10 09 05 2746 తీసుకుంటే సరిస్థానాలు 27, మూడింతలు 81, బేసిస్థానాలు 7, మొత్తం 88, కాబట్టి చివర 2. బండిలో ప్రతి డబ్బాకూ వేరే నంబరు ఉండాలి. మరమ్మతు వివరాలు రాసిన చోట కొత్త రంగు మిగతా ఒంటికంటే శుభ్రంగా ఉంటుంది, తుప్పు పూసేటప్పుడు ఆ చతురస్రాన్ని వదిలేయండి.

చివరగా మీకొక విన్నపం. తర్వాతి సంచికలో ఇటువంటి వ్యాసం వేస్తే బాక్స్‌ఎన్ పక్కబొమ్మను అసలు హెచ్‌ఓ సైజులోనే ముద్రించండి. పొడవు 123 మి.మీ. కనుక పేజీలో మూడు కాలమ్‌లలో పడుతుంది. పక్కన 50 మి.మీ. కొలత గీత కూడా వేయండి. జెరాక్సులో, ఫోన్ ఫొటోలో సైజు ఎట్లాగూ మారుతుంది. ఆ గీత ఉంటే పాఠకులు స్కేలు పెట్టి చూసుకుని, సరైన సైజుకు మళ్లీ ప్రింటు తీసుకోగలుగుతారు.

— ఒక పాఠకుడు, కాజీపేట