పామీరుకు పోతున్న పాపకు

కడప,
ఆదివారం

పాపా,

మొన్న ఫోన్లో నువ్వు పామీర్ అనగానే నాకు మాట రాలేదు. భయపడ్డానని అనుకున్నావు. భయం తర్వాత వచ్చింది. ముందు గుర్తొచ్చింది మా బడిలోని నల్లబోర్డు. ఇరవై తొమ్మిదేళ్ళు సోషల్ చెప్పాను కదా, ఏటా ఒకరోజు బోర్డు మధ్యలో చుక్క పెట్టి 'పామీర్ ముడి' అని రాసేదాన్ని. అందులోంచి హిమాలయాలు, కారకోరం, హిందూకుష్, కున్‌లున్, తియాన్‌షాన్ అని ఐదు గీతలు లాగేదాన్ని. 'ప్రపంచపు పైకప్పు' అని పిల్లలచేత గట్టిగా చెప్పించేదాన్ని. ఆ చుక్కలో ఊళ్ళుంటాయని, పొద్దున్నే రొట్టెలు కాల్చుకునే ఆడవాళ్ళుంటారని ఏ ఒక్క ఏడాదీ చెప్పలేదు. నాకే తోచలేదు. ఇప్పుడు నా కూతురు ఆ చుక్క మీదికి జీపులో పోతానంటోంది.

మీ నాయన "సింగపూరో దుబాయో పోకూడదా, తెలిసినవాళ్ళన్నా ఉంటారు" అన్నాడు. నేనే నీ పక్కన మాట్లాడాను. వెళ్ళు. కానీ నువ్వు పంపిన ప్లాన్ మూడుసార్లు చదివాను, అట్లాసు ముందు పెట్టుకుని. కిర్గిజ్‌స్తాన్‌లోని ఓష్‌లో మొదలుపెట్టి తజికిస్తాన్ రాజధాని దుషాన్‌బేలో దిగుతామని రాశావు. అది తిప్పెయ్యి.

ఎందుకో చెప్తాను. మన కడప సముద్రమట్టానికి 138 మీటర్ల ఎత్తులో ఉంది. ఓష్ వెయ్యి మీటర్లకు కాస్త తక్కువ. అక్కడ పొద్దున బయల్దేరితే మొదటి రాత్రే సారీతాష్‌లో 3,100 మీటర్ల పైన పడుకుంటారు. మర్నాడు కిజిల్ ఆర్ట్ కనుమ, 4,280. ఆ రాత్రి కారాకుల్ సరస్సు దగ్గర, అదీ 3,900 పైనే. ఆ పైన ఆక్ బైతాల్ కనుమ, 4,655 మీటర్లు. ఆ దారిలో అంతకన్నా ఎత్తు లేదు. అక్కడ గాలి పీడనం సముద్రం ఒడ్డున ఉండేదానిలో అరవై శాతం కూడా ఉండదు. మూడు రోజుల్లో అంత ఎక్కితే ఎంత గట్టి ఒళ్ళయినా తట్టుకుంటుందని చెప్పలేం. వయసులో ఉన్నాం, రోజూ పరుగెత్తుతాం అనేది దీనికి పనికిరాదు.

దుషాన్‌బే నుంచి వస్తే పంజ్ నది వెంబడి ఖోరోగ్ వరకు నిదానంగా ఎక్కుతారు. నదికి అవతలి ఒడ్డు అఫ్గానిస్తాన్. ఖోరోగ్ రెండు వేల పైచిలుకు మీటర్లు, అక్కడ రెండు రాత్రులుండండి. తర్వాత వఖాన్ లోయ. కొండ అంచున యమ్‌చున్ కోట ఉంది, అది చూస్తే నీకు గండికోట గుర్తొస్తుందని నా నమ్మకం. లోయ చివర లంగర్ అనే ఊరు. అక్కడినుంచి మాత్రం ఒక్కసారిగా ఎత్తు పెరుగుతుంది, కాబట్టి లంగర్‌లోనూ ఒక రోజు ఆగండి. మూడు వేలు దాటాక, పడుకునే చోటు రాత్రికి ఐదు వందల మీటర్ల కంటే పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి ఒకచోటే ఉండిపోవాలి అని డాక్టర్లు చెప్పే లెక్క. ఆ దారిలో అది ప్రతిరోజూ కుదరదు. కుదరని రోజు ముందూ వెనకా ఒక రాత్రి కలుపుకోండి. ఎత్తు పడకపోతే వేసుకునే మాత్రల సంగతి బయల్దేరేముందే డాక్టరును అడుగు.

ఇంకొకటి. ఖోరోగ్, వఖాన్ అన్నీ ఉన్న ఆ గోర్నో-బదక్షాన్ ప్రాంతానికి తజికిస్తాన్ వీసా ఒక్కటే చాలదు, వేరే అనుమతి తీసుకోవాలి. డబ్బులు నోట్లుగా పెట్టుకో.

బెలుం గుహల సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. 2002లో లైట్లు పెట్టి జనానికి తెరవక చాలా ముందు, ఇంటర్ సెలవుల్లో మా నాయన నన్నూ మీ మామనూ తీసుకుపోయాడు. రెండు టార్చిలైట్లు, ఒక చెంబు నీళ్ళు. లోపల ఉక్కపోత, ఎటు చూసినా దారులే. ఆ గుహలు మూడు కిలోమీటర్లకు పైనే ఉన్నాయని నాకప్పుడు తెలియదు. కొంతదూరం పోయాక ఒక టార్చి ఆరిపోయింది. రెండోది బాగానే వెలుగుతోంది. మా నాయన అక్కడే నిలబడి "తిరుగుదాం" అన్నాడు. ముందు ఎక్కడో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. నేను ఏడ్చాను, బతిమాలాను. ఆయన ఇంకొక్క అడుగు వెయ్యలేదు. ఇంటికొచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు. లైట్లు పెట్టాక నిన్ను చంకనేసుకుని మళ్ళీ పోయినప్పుడు, మేం ఆగిన చోటు ఇదేననిపించి ఒక మలుపు దగ్గర నిలబడ్డాను. దారి అక్కడ మూడుగా చీలుతుంది. మా నాయన అప్పటికి లేడు.

నువ్వు పదో తరగతిలో జ్వరం దాచి ఖోఖో ఆడినదానివి. అందుకే నా టెన్షన్. అక్కడ తలనొప్పి దాచకు. తలనొప్పితో పాటు వాంతి, తిండి సయించకపోవడం ఉంటే ఆ రోజు ఇక పైకి పోవద్దు. ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తున్నా, నడక తూలుతున్నా, మాట తడబడుతున్నా తెల్లారేదాకా చూడకుండా వెంటనే కిందికి దిగాలి. నీకే కాదు, నీతో వచ్చే ఇద్దరికీ ఈ మాట చదివి వినిపించు. జీపు డ్రైవరుకు బేరం ఆడేటప్పుడే చెప్పండి, మధ్యలో దిగాల్సొస్తే దింపాలని.

ఇక నాకు కావలసింది. పామీరీ ఇళ్ళ పైకప్పులో ఒకదానిలో ఒకటిగా నాలుగు చతురస్రాలు చెక్కతో కట్టి మధ్యలోంచి వెలుతురు దింపుతారట. ఇల్లు ఐదు స్తంభాల మీద నిలుస్తుందట. మీ జేజి వాళ్ళ మట్టిమిద్దెలో గవాచి గుర్తుందా, వానొస్తే రాయి మూసేవాళ్ళం? ఆ ఇళ్ళలో వాన, మంచు పడినప్పుడు ఏం మూస్తారో అడుగు. పాలు, ఉప్పు, వెన్న వేసిన షిర్ చాయ్ ఇస్తారు, రొట్టె తుంచుకుని అందులో వేసుకోవాలి. రుచి ఎట్లున్నా వద్దనకు, తాగి ఎట్లుందో నాకు రాయి. ఫోటోలు అందరికీ పంపుతావు. నాకు మాత్రం ఒక కాగితం మీద పెన్సిలుతో, నువ్వు నిలబడ్డచోట ఏ కొండలు ఏ వైపున్నాయో గీసి తీసుకురా.

మీ నాయన నిన్న సాయంత్రం నుంచి చెనక్కాయలు ఒలుస్తున్నాడు. కారం పొడి ఎంత కొట్టించాలో ఫోన్ చేసి చెప్పు.

అమ్మ