పై వరసలో ఇల్లు చూడండి

బరంపురం

అమ్మలూ,

మీరు కొందామని చెప్పిన ఇల్లు నేనూ నాన్నగారూ నిన్న చూసి వచ్చాం. ఫోన్లో అయితే సగం మర్చిపోతాను, అల్లుడుగారు కూడా చదువుతారని ఉత్తరం రాస్తున్నాను.

ఇల్లు ముచ్చటగానే ఉంది. వంటింటికి తూర్పు కిటికీ, వెనక బట్టలారేసుకునే చోటు. గోపాలపూర్ జంక్షన్ దాటాక కాబట్టి అల్లుడుగారికి భంజ విహార్‌లోని యూనివర్సిటీ దగ్గరే. ఇదంతా ఫొటోల్లో మీరూ చూసిందే.

ఫొటోల్లో పడనిది ప్రహరీ గోడ. కొత్తగా రంగు వేశారు. కానీ గేటు వెనక, బ్రష్ అందని మూలలో, మోకాలెత్తున బురద చార ఉంది. బ్రోకరు "పాత మరకమ్మా" అని దాటేశాడు. వీధి చివర టీ కొట్టు ఆవిడది ఇచ్ఛాపురం, మనవాళ్లే. ఏటా వర్షాల్లో ఈ ఇంటితో కలిపి ఆ కొసనున్న మూడిళ్ల ముందూ నీళ్లు నిలుస్తాయని ఆవిడే చెప్పింది. కాలువ తవ్వారు గానీ ఆ కొసన వాలు లేదు. పై వీధుల నీళ్లన్నీ వచ్చి అక్కడే ఆగుతాయి. నాన్నగారు కర్ర దించి చూస్తే అడుగంతా పూడికే.

మన వైపు అక్టోబరు ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలి. వీధి తలుపుకి మంచం అడ్డం పెట్టి నాన్నగారు తెల్లవార్లూ దాని మీదే కూర్చున్నారు. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. మీరు చూసిన ఇంటికేమో మెట్లగది మీద రేకు కప్పు! అలాంటి గాలికి అది నిలవదు.

కాలనీ మాత్రం నాకు బాగా నచ్చింది. కూరగాయల బండ్లు పొద్దున్నే ఇంటి ముందుకే వస్తాయి. కిరాణా కొట్టు, మందుల షాపు నడిచే దూరంలో ఉన్నాయి. పార్కులో నీడ ఉంది, సాయంత్రం ముసలివాళ్లు, పిల్లలు చేరుతున్నారు. పెద్ద జబ్బు చేస్తే ఊళ్లో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉండనే ఉంది. శ్రీకాకుళం జిల్లా నుంచి కూడా జనం అక్కడికే వస్తారు. సముద్రం దగ్గర కదా, నీళ్లు ఎలా ఉంటాయోనని బోరు నీళ్లు ఒక సీసా తెచ్చుకున్నాను. రాత్రి వాటితోనే కందిపప్పు వేశాను. వెన్నలా ఉడికింది. ఆ బెంగ తీరింది.

నాకు టెన్షన్ అంతా స్కూలు గురించే. అది హైవేకి అవతల. 16వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు ఎలా పోతాయో తెలుసుగా. స్కూలు బస్సు కాలనీ గేటు దాకా వస్తుందో లేదో ముందే కనుక్కోండి. షేరాటోలో మాత్రం పంపొద్దు. పాపకి ఒడియా రాదని దిగులు పడకు. ఆటల్లో అదే పట్టేస్తుంది, నువ్వు నేర్చుకున్నదీ అలాగే. తెలుగు రాయడం, చదవడం నేను నేర్పుతాను.

ఆ ఇల్లు వద్దమ్మా. కానీ ఆ కాలనీ వదులుకోవద్దు. పై వరసలో ఒక ఇల్లు అమ్మకానికి ఉందట, అదీ టీ కొట్టు ఆవిడ చెప్పిందే. అది మెరక మీద ఉంది. ధర కొంచెం ఎక్కువే ఉండొచ్చు. తక్కువ పడితే మేము సర్దుతాం, మొహమాట పడకండి. అయితే పట్టాలో కిసమ్, అంటే భూమి రకం, ఘరబారి (ఇంటి స్థలం) అని ఉంటేనే ముందుకెళ్లాలని నాన్నగారి మాట. సాగుభూమి అని ఉంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఏ సెక్షన్ కింద ఇంటి స్థలంగా మార్పించాలి. ఆ పని అమ్మేవాళ్లే పూర్తిచేసి ఇవ్వాలి. పట్టా కాపీ తెప్పించండి, ఒడియాలో ఉన్నా నాన్నగారు చదివి చెబుతారు. అంతవరకు ఎవరికీ అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఈ వారంలో గట్టి వాన పడేలా ఉంది. పడ్డ రోజే వెళ్లి పై వరస చూసి ఫోన్ చేస్తాను. పాపకి ముద్దులు.

మీ అమ్మ